ఇండెంట్ సరే, సామాను అందిందా?

సభలోని పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

మన బెంగళూరు హలసూరు చెరువు పక్కనున్న మద్రాస్ సాపర్స్ (ఆర్మీ ఇంజనీర్ల దళం) సెంటర్‌లోనే నేను ట్రైనింగ్ అయ్యాను. అక్కడ అందరూ 'తంబి'లే, అంటే తమ్ముళ్లే. కడప వాడైనా తంబే, కోలారు వాడైనా తంబే. తర్వాత చాలా ఏళ్లు స్టోర్‌లో పనిచేశాను. స్టోర్ వాడికి ఒక జబ్బుంటుంది. ఎంత పెద్ద ఇండెంట్, అంటే కావాల్సిన సామాను చీటీ, రాసినా సంబరపడడు. సామాను వచ్చి లెడ్జర్‌లో సంతకం పడేదాకా నమ్మడు. రక్షణ శాఖ 2025ను 'సంస్కరణల సంవత్సరం' అంది కదా, దాని గురించి చెప్పమని సంఘం వాళ్లు అడిగితే నాకు ఆ లెడ్జరే గుర్తొచ్చింది.

ముందు తేజస్, మనం చేసుకున్న యుద్ధ విమానం. 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది ఈ ఊళ్లోనే. 2021లో 83 విమానాలకు ఒప్పందమైంది, అందులో 73 మార్క్ 1ఏ అనే కొత్త రకం. ఆ రకంలో మొదటిది 2024లో అందాలి. అమెరికా ఇంజన్లు ఆలస్యమయ్యాయి, మనవైపు పరీక్షలూ సాగాయి. 2025 సెప్టెంబర్ 25న ఇంకో 97కి సంతకాలు చేశారు. మర్నాడే చండీగఢ్‌లో పాత యుద్ధ విమానం మిగ్-21కి వీడ్కోలు! ఆరోజుకి మార్క్ 1ఏ ఒక్కటి కూడా దళంలో చేరలేదు. 42 స్క్వాడ్రన్లు (యుద్ధ విమానాల దళాలు) ఉండాల్సిన చోట 29 మిగిలాయి. విమానాల ఫ్యాక్టరీలో చేసి రిటైరైనవాళ్లు ముందు వరుసలోనే ఉన్నారు, నామీద కోపం వద్దు. కొత్తిల్లు కప్పు పడకముందే పాతిల్లు ఖాళీ చేశాం, అంతే నా బాధ.

అందిన సామానూ ఉంది. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్‌లో డ్రోన్లు గుంపులుగా వచ్చినప్పుడు ఆర్మీ 'ఆకాశ్‌తీర్', వాయుసేన 'ఐఏసీసీఎస్' అనే గగనతల రక్షణ వ్యవస్థలు కలిసి పనిచేశాయి. రెండూ మన బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్)వే. ఒకరి రాడార్ చూసింది ఇంకొకరికి కనపడాలి. మా రోజుల్లో పక్క యూనిట్‌తో మాట కలవడానికే తంటాలు పడేవాళ్లం. బయటి దేశాలతోనూ అంతే, ఒప్పందాల కంటే పని ముఖ్యం. అదే ఏడాది ఏప్రిల్‌లో మన నౌక ఐఎన్ఎస్ సునయన మీద తొమ్మిది దేశాల నుంచి వచ్చిన 44 మంది నావికులు మనవాళ్లతో కలిసి బయల్దేరారు. ఆ వార్త నాకు నచ్చింది.

పర్యావరణం గురించి ఎక్కువ చెప్పను. సున్నపురాయి తవ్వకాలతో బోడిగా మారిన మస్సూరీ కొండల కోసం 1982లోనే మాజీ సైనికులతో ఎకో టాస్క్ ఫోర్స్ పెట్టారు. వాళ్లు మొక్కలు నాటి ఊరుకోలేదు, కాపలా కాసి బతికించారు.

ఇక ఆడపిల్లల సంగతి. 2017లో తారిణి పడవ మీద ప్రపంచాన్ని చుట్టిరావడానికి బయల్దేరిన ఆరుగురు నౌకాదళ అధికారుల్లో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. అదే పడవ మీద ఈసారి ఇద్దరే వెళ్లారు, దిల్నా, రూప. ఎనిమిది నెలలు తిరిగి 2025 మే 29న గోవా చేరారు. మర్నాడే నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి మొదటిసారి 17 మంది అమ్మాయిలు పాసై బయటికొచ్చారు. ఆ రెండు రోజులూ నేను టీవీ వదిలిపెట్టలేదు. సుప్రీంకోర్టు చెప్తేగానీ ఆ గేటు తెరుచుకోలేదన్న మాటా దాచకూడదు. సిపాయి స్థాయిలో 2021లో ఇక్కడే, మిలటరీ పోలీస్ సెంటర్‌లో, 83 మంది మొదటి బ్యాచ్ పూర్తయింది. ఆర్మీలో సిపాయిలుగా ఆడపిల్లలకు దొరికే చోటు ఇప్పటికీ ఆ పోలీసు దళమే.

ఇందాక గేటు దగ్గర ఒక పాప, "తాతా, నేను ట్యాంక్ నడపొచ్చా?" అని అడిగింది.

"ఇప్పటికైతే లేదమ్మా" అన్నాను.