“మేం ఎదురుచూస్తూ కూర్చోం”: టైప్ వన్ షుగర్ పిల్లల తల్లిదండ్రులు

వ్యాఖ్యాత: నమస్కారం. పిల్లవాడికి షుగర్ అనగానే, “మిఠాయిలు ఎక్కువ తిన్నాడా?” అని అడిగేవాళ్లే ఎక్కువ. ఈ రోజు మన అతిథి టైప్ వన్ షుగర్ ఉన్న బాబుకు తల్లి. ఆ ప్రశ్నకు మీరేం చెబుతారమ్మా?

అతిథి: తిండితో సంబంధం లేదండి. శరీర రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. ఇక జీవితాంతం ఇన్సులిన్ బయటినుంచి ఇవ్వాల్సిందే. డాక్టరుగారు ఇదంతా ఓపిగ్గా చెప్పారు. కానీ రాత్రి రెండింటికి షుగర్ బాగా పడిపోయి మీటరులో 58 కనబడితే? గ్లూకోజు తాగిస్తాం, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ వేలు గుచ్చి చూస్తాం. ఆ పదిహేను నిమిషాలు నాతో మాట్లాడేది మాలాంటి ఇళ్లవాళ్ల వాట్సాప్ గ్రూపులోని తల్లులే. డాలస్‌లో ఉన్న తెలుగు తల్లికి అప్పుడు మధ్యాహ్నం!

వ్యాఖ్యాత: ధైర్యం చెప్పడం సరే. అంతకు మించి ఏమైనా జరిగిందా?

అతిథి: ఎంతో జరిగింది. 2013లో అమెరికాలో జాన్ కోస్టిక్ అనే ఇంజినీరు, బడిలో ఉన్న తన కొడుకు షుగర్ ఎంతుందో ఆఫీసు నుంచే చూడాలనుకున్నారు. పిల్లవాడికి ఒంటికి అతికించి షుగర్‌ను ఎప్పటికప్పుడు కొలిచే సెన్సర్ ఉంది, కానీ అంకె కనిపించేది వాడి దగ్గరున్న పరికరంలోనే. ఆయన సొంతంగా ప్రోగ్రామ్ రాసి ఆ అంకెను ఇంటర్నెట్‌లోకి ఎక్కించారు. ఆ సంగతి ట్విట్టర్‌లో చెబితే మిగతా తల్లిదండ్రులు చేతులు కలిపారు. అదే నైట్‌స్కౌట్. అందరికీ ఉచితం. “మేం ఎదురుచూస్తూ కూర్చోం” అన్నది వాళ్ల నినాదం. తనకే టైప్ వన్ ఉన్న డానా లూయిస్, ఒంట్లోకి ఇన్సులిన్ ఎక్కించే పంపు, షుగర్‌ను బట్టి మోతాదును తనంతట తానే సర్దుకునే పద్ధతిని 2015లో అందరి ముందూ పెట్టారు. ఇలాంటి సొంత ప్రయత్నాల నుంచే పుట్టిన టైడ్‌పూల్ లూప్ అనే యాప్‌కు 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. రోగులే ముందు నడిచారు. నాకు ఇది చాలా గర్వంగా ఉంటుంది.

వ్యాఖ్యాత: మన ఇళ్లలో?

అతిథి: సెన్సర్ల ఖర్చు అందరూ భరించలేరండి. మా మాటలు వేరుగా ఉంటాయి. వేసవిలో కరెంటు పోతే ఇన్సులిన్‌ను తడిపిన మట్టికుండలో ఎలా దాచాలి, ఇడ్లీలో పిండిపదార్థం ఎంత లెక్కేయాలి, పులిహోరలో ఎంత... టైప్ వన్ పిల్లలు బోర్డు పరీక్షకు తినుబండారాలు తీసుకెళ్లవచ్చని సీబీఎస్ఈ 2017లో ఇచ్చిన ఉత్తర్వు కాపీ మా ఫోన్లలో ఎప్పుడూ ఉంటుంది. బడిలో అడ్డుచెబితే చూపిస్తాం.

వ్యాఖ్యాత: తప్పుడు సలహాలు రావా?

అతిథి: వస్తాయి. నాకు అన్నిటికన్నా భయం హనీమూన్ దశ. ఇన్సులిన్ మొదలుపెట్టాక మిగిలిన కణాలు కొంతకాలం తేరుకుంటాయి, మోతాదు బాగా తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడే బంధువులెవరో కషాయం తెచ్చిస్తారు. తగ్గింది కషాయం వల్లే అనుకుని ఇన్సులిన్ ఆపేస్తే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. మా గ్రూపులో ఎవరైనా “మా పాపకు నయమైపోయింది” అని రాస్తే, ఇవన్నీ చూసిన తల్లులు వెంటనే ఫోన్ చేస్తారు. కషాయాలు అమ్మేవారిని తీసేస్తాం. ఎన్ని యూనిట్లు వేయాలో మాత్రం ఎవరూ చెప్పకూడదు, అది డాక్టరే చెప్పాలి.

వ్యాఖ్యాత: ఈ వారమే వ్యాధి బయటపడిన ఇంటివాళ్లు వింటుంటే?

అతిథి: ఇన్సులిన్ ఆపకండి. ఇలాంటి కుటుంబం దగ్గర్లో ఇంకొకటి ఉంటే పరిచయం చేయమని మీ డాక్టరునే అడగండి. మంచి గ్రూపు వాళ్ల ద్వారానే దొరుకుతుంది.