హెడ్డింగ్ పెట్టింది రిపోర్టర్ కాదండీ బాబూ!

[ప్రెజెంటర్ చేతిలో ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో]

ఈ ఫొటో మీరు చూసే ఉంటారు. కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన పేపరు పైకెత్తి పట్టుకుని, ముఖమంతా నవ్వుతో నిలబడ్డాడు. హ్యారీ ట్రూమన్. 1948లో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో గెలిచిన మనిషి. చేతిలో పేపరేమో ఆయన ఓడిపోయాడంటోంది. "డ్యూయీ డిఫీట్స్ ట్రూమన్", అంటే ప్రత్యర్థి డ్యూయీ ట్రూమన్‌ని ఓడించాడని. నవంబరు 3 నాటి చికాగో డైలీ ట్రిబ్యూన్.

ఎన్నికలొచ్చినప్పుడల్లా ఈ ఫొటో తిరుగుతుంది. దాని కింద ఎవరో ఒకరు రాస్తారు: "ఆ హెడ్డింగ్ పెట్టిన రిపోర్టర్ ఉద్యోగం ఊడిందా?" నాకు ఒళ్లు మండేది సరిగ్గా ఇక్కడే. రిపోర్టర్ హెడ్డింగ్ పెట్టడు! వార్త రాసి పంపుతాడు, అంతే. అలా పంపినదాన్ని 'కాపీ' అంటారు. కాపీ కొట్టడంలో కాపీ కాదు, అచ్చుకెళ్లే రాత అని. అది 'డెస్క్'కి వస్తుంది. డెస్క్ అంటే బల్ల కాదు, సబ్ ఎడిటర్లు కూర్చునే విభాగం. దిద్దేది, కోసేది, హెడ్డింగ్ పెట్టేది వాళ్లే. నేను డెస్క్‌లో ఉన్న రోజుల్లో పొద్దున్నే రిపోర్టర్ల ఫోన్లు వచ్చేవి: "సార్, హెడ్డింగ్ పెట్టింది మీరు, తిట్లు తినేది నేను." నిజమే పాపం. ఎందుకంటే పేజీలో కనపడేది వాళ్ల పేరే. దాన్ని 'బైలైన్' అంటారు. డెస్క్‌వాళ్ల పేరు ఎక్కడా ఉండదు.

మన ఫొటోలో ఆ వార్త బైలైన్ ఆర్థర్ సియర్స్ హెన్నింగ్‌ది. వాషింగ్టన్‌లో తలపండిన విలేకరి. డ్యూయీయే గెలుస్తాడని గట్టిగా నమ్మాడు, ఆయన తప్పేమీ లేదని నేననను. కానీ ఆ నమ్మకాన్ని పేజీ ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచింది మాత్రం డెస్క్. అలా పేజీలోని కాలమ్‌లన్నీ దాటుతూ అడ్డంగా పరుచుకునే హెడ్డింగే 'బ్యానర్'. అందులో ఎన్ని అక్షరాలు పడతాయో ముందే లెక్క. ఇంగ్లిష్‌వాళ్లకు ఇది సులువు, అక్షరాలన్నీ బుద్ధిగా ఒకే వరసలో నిలబడతాయి. మన దగ్గర రెండు లైన్ల హెడ్డింగ్ పెట్టి చూడండి. పై లైను ఒత్తు కిందికి వేలాడుతుంది, కింది లైను గుడి పైకి లేస్తుంది, రెండూ ఢీకొంటాయి. ఒక్క 'క్ష్మి' కోసం హెడ్డింగ్ మొత్తం మార్చిన రాత్రులున్నాయి.

సరే, ఎన్నికల రాత్రి అంత తొందరేమొచ్చింది వాళ్లకి? ఇక్కడే అసలు మాట: 'డెడ్‌లైన్'. అమెరికా అంతర్యుద్ధంలో యుద్ధఖైదీల శిబిరాల్లో ఒక గీత ఉండేది. 1864లో జార్జియాలోని ఆండర్సన్‌విల్ శిబిరంలో ఉన్నది బాగా ప్రసిద్ధి. గీత దాటినవాణ్ని కాపలావాళ్లు కాల్చేయొచ్చు. తర్వాత ఈ మాట పేపర్ ఆఫీసుల్లోకి వచ్చి, పేజీ వదలాల్సిన ఆఖరి వేళకి పేరైంది. పేరు పెట్టినవాడికి రాత్రి డ్యూటీ తెలుసు.

[స్క్రీన్ మీద: లైనోటైప్ యంత్రం]

మామూలు రోజుల్లో అక్షరాలు కూర్చేది ఈ యంత్రం. ఆట్మర్ మెర్గెంథాలర్ తయారుచేశాడు. 1886లో న్యూయార్క్ ట్రిబ్యూన్ వాడింది. కీబోర్డు మీద ఒక లైను కొడితే, కరిగిన సీసంతో ఆ లైనంతా ఒకే కడ్డీగా పోతపోసి బయటికి తోస్తుంది. ఆ కడ్డీ పేరు 'స్లగ్'. తర్వాత ప్రతి వార్తకూ గుర్తుగా పెట్టుకునే చిన్న పేరు స్లగ్ అయింది. ఇవాళ వెబ్ లింకు చివర ఉండే ముక్కనీ స్లగ్ అనే అంటున్నాం. సీసం పోయింది, పేరు మిగిలింది. ఇంకోటి, లైన్ల మధ్య ఖాళీని డిజైన్ చేసేవాళ్లు 'లీడింగ్' అంటుంటారు చూడండి, అది 'లెడ్డింగ్'. లైనుకీ లైనుకీ మధ్య సీసపు బద్దలు పెట్టేవాళ్లు కాబట్టి.

చికాగోలో గొడవంతా ఆ సీసం దగ్గరే. కంపోజిటర్లు, అంటే అక్షరాలు కూర్చేవాళ్లు, 1947 నవంబరు నుంచి సమ్మెలో ఉన్నారు. లైనోటైపులు కొట్టేవాడు లేడు. అందుకని వార్తల్ని టైప్‌రైటర్ మీద కొట్టి, ఆ కాగితాలు పేజీగా అతికించి, ఫొటో తీసి, దాన్ని అచ్చు ప్లేటు మీదికి ఎక్కించేవాళ్లు. దీనికి గంటల కొద్దీ టైము. దాంతో మొదటి 'ఎడిషన్' డెడ్‌లైన్ గంటల ముందుకు జరిగింది. పేజీ వదలాల్సిన వేళకి చాలా రాష్ట్రాల లెక్కింపు తేలనే లేదు. హెన్నింగ్ అంచనా ఉంది, మేనేజింగ్ ఎడిటర్ సరేనన్నాడు, పేజీ వెళ్లిపోయింది.

ఎడిషన్ అన్నాను కదా. ఒకే రాత్రి, ఒకే పేపరు, కానీ విడతలు విడతలుగా అచ్చవుతుంది. తర్వాతి ఎడిషన్‌లో ట్రిబ్యూన్ ఆ హెడ్డింగ్ మార్చేసింది. కానీ అప్పటికే దాదాపు 1,50,000 కాపీలు అచ్చయిపోయాయి. ట్రూమన్ 303 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచాడు, డ్యూయీకి 189. రైల్లో వాషింగ్టన్ వెళ్తూ సెయింట్ లూయిస్ స్టేషన్‌లో ఆగినప్పుడు ఒక కాపీ ఆయన చేతికొచ్చింది. మిగతాది ఈ ఫొటో.

[వీడియో ఎడిటర్ గొంతు: "అన్నా, రెండే నిమిషాలు."]

ఇదిగో, నా డెడ్‌లైన్. గబగబా చెప్పేస్తా.

'లీడ్', మన దగ్గర 'ఇంట్రో': వార్త మొదటి పేరా. విషయమంతా అందులోనే, ముఖ్యం కానిది కిందకి. దీన్నే 'తలకిందుల పిరమిడ్' అంటారు. చోటు చాలకపోతే కింది నుంచి కోసేయొచ్చు. సీసం రోజుల్లో అయితే చివరి కడ్డీలు నాలుగు తీసి పక్కన పడేస్తే సరి.

'డేట్‌లైన్': తేదీ కోసం కాదండీ, ముఖ్యంగా ఊరి కోసం! వార్త ఎక్కణ్నుంచి పంపారో చెబుతుంది. ఆఫీసులో కూర్చుని ఫోన్లో కనుక్కుని వేరే ఊరి డేట్‌లైన్ పెడితే అది అబద్ధమే, నా దృష్టిలో తప్పుడు హెడ్డింగ్ కంటే పెద్దది.

'ఫోల్డ్': పేపరు మడత. మడిచి పేర్చినప్పుడు కనపడేది పై సగమే, అందుకే బ్యానర్ అక్కడ.

'మాస్ట్‌హెడ్': బ్రిటిష్ వాడుకలో మొదటి పేజీ మీది పేపరు పేరు. అమెరికాలో మాత్రం అది 'నేమ్‌ప్లేట్', లోపలి సిబ్బంది జాబితా మాస్ట్‌హెడ్. పోట్లాడుకోకండి.

'ఎంబార్గో': సమాచారం ముందే ఇస్తారు, చెప్పిన టైము దాకా వేయకూడదు. 'స్టీరియోటైప్', 'క్లిషే': ఇవాళ మూస అభిప్రాయం, అరిగిపోయిన మాట అని వాడుతున్నాం, రెండూ ఒకప్పుడు అచ్చు పలకల పేర్లే. ఎంత కావాలంటే అంత అదే ముద్ర, అదీ సంగతి.

చివరిగా ఒకటి. ఆ చికాగో పేజీ స్పష్టమైన స్కాన్ దొరికితే పెద్దది చేసి చూడండి. ప్రధాన వార్తలోనే కొన్ని లైన్లు తలకిందులుగా ఉంటాయి. ఆ తొందరలో అలా అతుక్కుపోయాయి, ఎవరూ చూసుకోలేదు. కనిపెట్టినవాళ్లు కింద రాయండి. దానికీ రిపోర్టర్నే తిట్టకండి దయచేసి.