చలికాలం కారు కావాలా? పాత లెక్సస్ కింద దూరి చూసి కొనండి

హోస్ట్: అందరికీ నమస్తే అండి. అమెరికాలో మిషిగన్, మిన్నెసోటా, బఫెలో వైపు ఉండేవాళ్లు చాలామంది అడుగుతున్న టాపిక్ ఇవాళ్టిది. మంచి కారు గ్యారేజ్‌లో పెట్టేసుకుని మంచు నెలల్లో తిప్పుకోడానికి చీప్‌గా ఒక పాత కారు, అందులోనూ లగ్జరీ సెడాన్. డెట్రాయిట్ పక్కన నోవైలో ఉండే అన్న మనతో ఉన్నారు, రోజూ ఐటీ జాబే కానీ వీకెండ్ వస్తే కారు కిందే ఉంటారు. అన్నా, డైరెక్ట్‌గా అడిగేస్తా. చీప్ కారంటే కరోలానో సివిక్కో కొనుక్కోవాలి గానీ ఈ పాత లగ్జరీ ఎందుకు?

అన్న: ఎందుకంటే పాత కరోలాకి పాత సివిక్‌కి ఎప్పుడూ గిరాకీ ఉంటది తమ్ముడూ, స్టూడెంట్స్ అందరూ వాటి మీదే పడతారు కాబట్టి రేటు దిగదు. దాదాపు అదే డబ్బుకి 2004 నుంచి 2006 దాకా వచ్చిన లెక్సస్ ఈఎస్ 330 దొరుకుద్ది. లెక్సస్ అనగానే పార్ట్స్‌కి ఆస్తులు అమ్ముకోవాలేమో అని మనోళ్లు భయపడతారు, కానీ దాని ప్లాట్‌ఫామ్ అప్పటి కామ్రీదే, ఆ 3.3 లీటర్ వీ6 ఇంజిన్ కామ్రీలో ఎస్ఈ వీ6 మోడల్‌కి కూడా పెట్టారు, అంటే బ్రేకులు, సస్పెన్షన్ పార్ట్స్ లాంటివి ఏ షాప్‌కెళ్లినా మామూలు రేటుకే ఇస్తారు, జంక్ యార్డుల్లో అయితే ఆ జాతి కార్లు బోలెడు. పైగా చాలావాటికి హీటెడ్ సీట్లు ఉంటాయి, లోపలికి సౌండ్ రాదు, పొద్దున్నే మైనస్‌లో ఆఫీస్‌కి పోయేవాడికి అది తక్కువ సుఖమేం కాదు.

హోస్ట్: మరి బెంజ్‌లు, బీఎండబ్ల్యూలు కూడా అదే రేంజ్‌లో కనిపిస్తాయి కదన్నా, చూస్తే టెంప్టింగ్‌గా ఉంటాయి.

అన్న: ఉంటాయి. నేనైతే వద్దంటా. 2000ల్లో వచ్చిన ఎస్ క్లాస్ తీసుకో, ఎయిర్ సస్పెన్షన్, రబ్బరు బ్యాగుల్లో గాలి మీద నిలబడే కారు అది. రబ్బరు పాతబడి చలికి బిగుసుకుంటే గాలి దిగిపోద్ది, పొద్దున చూస్తే ఒక మూల నేలకి కూలబడి ఉంటది. దాన్ని బాగుచేసే ఖర్చుకి ఇంకో కారు వస్తది. నువ్వు కొనేది పాత కారు ధరకే, కానీ రిపేర్ బిల్లు మాత్రం అది కొత్తగా ఉన్నప్పటి రేంజ్‌లోనే వస్తది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

హోస్ట్: ఈఎస్ ఫ్రంట్ వీల్ డ్రైవ్ కదా, మంచులో ఆల్ వీల్ లేకపోతే కష్టం అంటారు?

అన్న: ఆల్ వీల్ డ్రైవ్ కదలడానికి హెల్ప్ చేస్తది, బ్రేక్ కొడితే ఆపడానికి కాదు. ఆపేది టైరే. అందుకే నేను చెప్పేది ఒక్కటే, కారు మీద పెట్టే డబ్బులో మొదటి వాటా వింటర్ టైర్లకి తీసి పక్కన పెట్టండి, మిగిలిన దాంతో కారు వెతకండి. 7 డిగ్రీల సెల్సియస్ కింద మామూలు టైరు రబ్బరు గట్టిపడిపోద్ది, వింటర్ టైరు మెత్తగానే ఉంటది, తేడా అక్కడే. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు బొమ్మ ఉండాలి. ఉత్తి ఎం ప్లస్ ఎస్, అంటే మడ్ అండ్ స్నో అని రాసుంటే సరిపోదు. సెకండ్ హ్యాండ్ టైర్లు కొనేవాళ్లు టైరు పక్కన అచ్చేసిన డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి, 3519 అని ఉంటే 2019లో 35వ వారం తయారైందన్నమాట, అంత పాతది నేనైతే ముట్టుకోను. ఇంకోటి, ఈ కారుకి 215/60 సైజు 16 ఇంచుల వీల్ వస్తది, కామ్రీ స్టీల్ వీల్స్ యార్డ్‌లో తెచ్చుకుంటే టైర్లు వాటికే ఉంచేసి సీజన్ మారినప్పుడు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు.

హోస్ట్: సరే, ఇప్పుడు కారు చూడ్డానికి వెళ్లాం. ముందు ఏం చూడాలి? మైలేజా?

అన్న: మైలేజ్ తర్వాత. ముందు కింద చూడాలి. డెట్రాయిట్ ఊరి కింద సుమారు 1,200 అడుగుల లోతులో ఉప్పు గని ఉంది తెలుసా, వంద ఏళ్ల పైబడిన గని, ఇప్పటికీ మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు అక్కడ తవ్వుతున్నారు. ఆ ఉప్పంతా ఏటా మన కార్ల అడుగుకే చేరి తుప్పు పట్టిస్తది. మిషిగన్‌లో మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ అనేది లేదు, కాబట్టి పైన పాలిష్ కొట్టి కింద కుళ్లిపోయిన కారు కూడా హాయిగా అమ్మేస్తారు. ఫోన్ లైట్ వేసుకుని పడుకుని చూడండి. జాకీ పెట్టే చోటు, వెనక చక్రాల ఆర్చ్‌లు, ఇంజిన్‌ని, సస్పెన్షన్‌ని మోసే సబ్‌ఫ్రేమ్, ఫ్యూయల్ ట్యాంక్ పైనుంచి వెనక్కి పోయే బ్రేక్ లైన్లు, అంటే బ్రేక్ ఆయిల్ పైపులు. ఈ లైన్లే ముఖ్యం, పైపు వేలితో తడిమితే పెచ్చులు పెచ్చులుగా రాలుతుంటే అది ఎప్పుడైనా పగలొచ్చు, గట్టిగా బ్రేక్ తొక్కినప్పుడే పగులుద్ది కూడా. ఓనర్‌ని అడిగి జాకీ పాయింట్ దగ్గర స్క్రూడ్రైవర్ వెనక పిడితో కొట్టి చూడండి. ఖంగుమంటే సరే. మొద్దుగా మోగినా, లోపలికి దిగినా థ్యాంక్స్ చెప్పి వచ్చేయండి.

హోస్ట్: అందుకేనా డాలస్ నుంచి తెప్పించుకుంటారు కొందరు?

అన్న: అదే కదా మనకున్న అడ్వాంటేజ్! డాలస్‌లో, అట్లాంటాలో మనోళ్లు లేని వీధి ఉందా? అక్కడ రోడ్లకి ఉప్పు దాదాపు ఉండదు, అడుగు శుభ్రంగా ఉంటది. నాదీ టెక్సాస్ కారే, కింద బోల్టులు రెంచ్ పెట్టగానే తిరిగాయి, ఇక్కడి కారుకైతే ఒక్కో బోల్టుకి మంట పెట్టి కాల్చాలి. కాకపోతే ఎండకి డాష్‌బోర్డ్, డోర్ రబ్బర్లు పగిలి ఉంటాయి, అది ఓకే. అసలు జాగ్రత్త కూలెంట్ దగ్గర, అదే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. టెక్సాస్ వైపు అది తగ్గినప్పుడల్లా ఉత్త నీళ్లు పోసేస్తారు, ఇక్కడికొచ్చాక అది గడ్డకట్టిందంటే ఇంజిన్ బ్లాకే పగిలే ప్రమాదం. టెస్టర్ కొన్ని డాలర్లే, ముంచి చూడండి, కూలెంట్, నీళ్లు సగం సగం కలిపితే మైనస్ 34 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 37 సెల్సియస్ దాకా తట్టుకుంటది. వాషర్ నీళ్లు కూడా వింటర్‌వి మార్చాలి.

హోస్ట్: తెచ్చాక రిపేర్లు ఏ వరసలో?

అన్న: టైమింగ్ బెల్ట్ ఫస్ట్, ఇంజిన్ లోపలి భాగాలన్నీ ఒకే లెక్కలో తిరిగేలా పట్టి ఉంచేది అదే. ఇది చెయిన్ ఇంజిన్ కాదు, 90,000 మైళ్లకోసారి బెల్ట్ మార్చాలి. ఇంజిన్ కవర్ దగ్గర షాప్‌వాళ్లు మైలేజ్ రాసిన స్టిక్కర్ అంటిస్తారు, అదీ లేక బిల్లూ లేకపోతే మార్చలేదనే లెక్క. హైవే మీద మంచులో తెగిందంటే అక్కడే ఆగిపోతాం. వాటర్ పంప్ కూడా అప్పుడే మార్చేయాలి, మళ్లీ అదంతా విప్పే పని ఉండదు. తర్వాత వాల్వ్ కవర్ గ్యాస్కెట్లు, అంటే ఇంజిన్ పై మూత దగ్గర ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు. కాలిన ఆయిల్ వాసన వస్తుంటే ఎక్కువగా వెనక వైపుదే లీక్. ఇంజిన్ అడ్డంగా ఉంటది కాబట్టి వెనక మూడు స్పార్క్ ప్లగ్‌లు క్యాబిన్ గోడకి ఆనుకుని ఉంటాయి, పైనున్న ఇన్‌టేక్, అంటే గాలి పోయే గొట్టాల భాగం, తీస్తేగానీ చెయ్యి దూరదు, అందుకే గ్యాస్కెట్, ప్లగ్‌లు ఒకే రోజు చేసేయాలి. బ్యాటరీ టెస్ట్ చేయించి, డౌట్‌గా ఉంటే మార్చేయండి. సన్‌రూఫ్ చప్పుడు, పెయింట్ గీతలు, ఇవన్నీ వదిలేయండి, వాటి మీద ఒక్క డాలర్ పెట్టొద్దు.

హోస్ట్: ఆ తుప్పు మళ్లీ పట్టకుండా?

అన్న: అక్టోబర్‌లో, ఉప్పు చల్లకముందే అడుగంతా కడిగి, పూర్తిగా ఆరాక ఫ్లూయిడ్ ఫిల్మ్ అనే స్ప్రే కొట్టాలి. గొర్రె ఉన్నిలో ఉండే లానోలిన్‌తో చేస్తారు దాన్ని, జిడ్డుగా అంటుకుని ఉంటది. నల్ల రబ్బరు కోటింగ్ మాత్రం పాత కారుకి వేయించొద్దు, కింద తేమ ఇరుక్కుని లోపలే తినేస్తది. ఇంకో సంగతి, ఉప్పు మంచుతో తడిసిన కారుని వెచ్చటి గ్యారేజ్‌లో పెడితే తుప్పు ఇంకా స్పీడ్‌గా పడుద్ది. ఆ వెచ్చని చోటు మంచి కారుకి ఇచ్చి దీన్ని బయటే ఉంచండి.

హోస్ట్: ఇన్సూరెన్స్, పేపర్లు?

అన్న: ఇంత పాత కారుకి కొలిజన్ కవరేజ్, అంటే గుద్దుకుంటే మన కారు డ్యామేజ్‌కి ఇచ్చేది, కట్టడం దండగ, అది లేని బేసిక్ పాలసీని ఇక్కడ పీఎల్‌పీడీ అంటారు, అది చాలు. మెడికల్ కవరేజ్ లెవెల్ 2020 జులై నుంచి మనమే ఎంచుకోవచ్చు, కానీ అక్కడ మాత్రం కక్కుర్తి పడొద్దు, మీ హెల్త్ ప్లాన్ యాక్సిడెంట్‌కి ఎంత ఇస్తదో కనుక్కున్నాకే తగ్గించండి. టైటిల్, అంటే కారు ఓనర్‌షిప్ పేపర్, 15 రోజుల్లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీస్‌లో మీ పేరు మీదకి మార్చుకోవాలి, 6 శాతం ట్యాక్స్ పడుద్ది. టెక్సాస్ నుంచి తెచ్చేవాళ్లు అక్కడి ఓనర్ టైటిల్ వెనక సంతకం పెట్టాడో లేదో, దాని మీద లోన్ బాకీ ఏమైనా ఉందో చూసుకున్నాకే డబ్బులు పంపండి, ఫ్రెండ్ కారైనా సరే.

హోస్ట్: వెతకడం ఎప్పుడు మొదలెట్టాలి మరి?

అన్న: ఆగస్టులో. మొదటి మంచు పడ్డాక టైర్ షాపుల్లో అపాయింట్‌మెంట్ దొరకదు, బెల్ట్ పని చేయడానికి మెకానిక్‌కీ టైమ్ ఉండదు.