లైటు వెలుగుతోంది సరే, పనిచేస్తోందా?

శ్రోతలకు నమస్కారం.

కాంతితో చేసే వైద్యం గురించి మాట్లాడమన్నారు. విషయం పెద్దది, ఇచ్చిన టైము తక్కువ. అందుకని నాకు బాగా ఇష్టమైన ఒక్క కథ పూర్తిగా చెప్పి, మిగతావి పైపైన తాకి వదిలేస్తాను.

మన ఇళ్ళల్లో పురుడొచ్చిన మూడో రోజో నాలుగో రోజో ఆస్పత్రి నుంచి ఫోను వస్తుంది కదా, "బిడ్డకు కామెర్లట, లైటు కింద పెట్టారు" అని. ఆ లైటు కథే నేను చెప్పబోయేది. దాన్ని ఏ పెద్ద పరిశోధనశాలలోనూ కనిపెట్టలేదు. ఒక నర్సమ్మ కనిపెట్టింది, అదీ పిల్లల్ని కాసేపు ఎండలోకి తీసుకెళ్ళే అలవాటు వల్ల.

1956 వేసవి. ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతం, రోచ్‌ఫర్డ్ జనరల్ ఆస్పత్రి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డును జీన్ వార్డ్ అనే సిస్టర్ చూసుకునేది. ఉక్కపోసే ఇంక్యుబేటర్ గదిలో ఇరవై నాలుగ్గంటలూ మగ్గడం కంటే కాస్త గాలీ వెలుతురూ తగిలితే పిల్లలకు మంచిదని ఆవిడ నమ్మకం, అందుకని ఎండ బాగా కాసిన రోజున వాళ్ళను ఆస్పత్రి పెరట్లోకి తీసుకెళ్ళి కాసేపు ఉంచి, పెద్ద డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చేలోపు మళ్ళీ లోపల పడుకోబెట్టేసేది. ఒకరోజు రౌండ్స్‌లో ఒక పసికందును తీసి డాక్టర్లకు చూపించింది. ఒళ్ళంతా పాలిపోయి ఉంది, ఒక్కచోట మాత్రం మూడు మూలల ఆకారంలో చర్మం చిక్కటి పసుపు. ఇక్కడేం పూశావమ్మా, అయోడినా, అని డాక్టరు అడిగాడు. ఏమీ పూయలేదంది. ఎండ వల్ల అయ్యుంటుందంది. ఎండకు కమిలితే ఇలా ఉంటుందా అని ఆయన అనుమానం. అప్పుడావిడ ఇబ్బంది పడుతూనే అసలు సంగతి చెప్పింది: బిడ్డకు కామెర్లు, పచ్చగా ఉన్నచోట దుప్పటి కొస కప్పి ఉంది, అక్కడ కొత్తగా పసుపేమీ ఎక్కలేదు, మిగతా ఒంటి మీదే తగ్గిపోయింది.

అంతే. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

కొన్ని వారాల తర్వాత ఇంకో బిడ్డకు కామెర్లు బాగా ముదిరాయి. అప్పట్లో దానికి ఉన్న వైద్యం ఏమిటంటే బిడ్డ రక్తాన్ని కొంచెం కొంచెంగా తీసేస్తూ దాత రక్తం ఎక్కించడం, తలుచుకుంటేనే గుండె దడ. ఆ బిడ్డ రక్తం తీసిన గాజు గొట్టం పొరపాటున కిటికీ గట్టు మీద, ఎండలో ఉండిపోయింది. ల్యాబుకు పంపితే బిలిరుబిన్, అంటే పసుపు రంగుకు కారణమైన పదార్థం, ఉండాల్సిన దానికంటే చాలా తక్కువ చూపించింది. ల్యాబువాళ్ళు తప్పు చేశారనుకుని మళ్ళీ రక్తం తీసి పంపితే ఈసారి అంకె ఎక్కువ వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది సిస్టర్ చూపించిన ఆ పసుపు మచ్చ. ఆ ఆస్పత్రిలోనే పనిచేసే డాక్టర్ క్రెమర్, ఆయనతో పనిచేసేవాళ్ళు కలిసి నీలం ట్యూబులైట్లు ఎనిమిది తెచ్చి, సగానికి కోసిన పీపాలాంటి చట్రంలో బిగించి, ఉయ్యాల పైన అమర్చారు. 1958లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ సంగతి అచ్చయింది. పసిబిడ్డ చర్మం మీద పడిన నీలికాంతి బిలిరుబిన్ ఆకారాన్ని మార్చేస్తుంది. అలా మారినదాన్ని, ఇంకా పూర్తిగా పని మొదలుపెట్టని ఆ చిట్టి కాలేయం మీద భారం వేయకుండానే ఒళ్ళు బయటికి పంపేయగలదు. చాలామంది అనుకున్నట్టు అది అతినీలలోహిత కిరణం కాదు, కంటికి కనిపించే నీలం వెలుగే.

ఇంత చవగ్గా, ఇంత సుళువుగా ఉన్న వైద్యం మర్నాటికల్లా లోకమంతా పాకాలి కదా? పాకలేదు. అమెరికా డాక్టర్లు చాలామంది అసలు నమ్మలేదు. వెర్మాంట్‌లో జెరాల్డ్ లూసీ అనే డాక్టరు నెలలు నిండని పిల్లల్లో కొందరిని లైటు కింద, కొందరిని లైటు లేకుండా ఉంచి పోల్చి చూసి 1968లో ఫలితాలు అచ్చువేశాక గానీ అక్కడ కదలిక రాలేదు. పదేళ్ళు! నాకనిపించేదేమిటంటే, వెలుతురుకు కంపెనీ పేరు లేదు, సీసా లేదు, చీటీ మీద రాసే మోతాదు లేదు. "ఎండలో పెట్టండి" అంటే అమ్మమ్మ చెప్పిన మాటలా ఉంటుంది గానీ వైద్యంలా ఉండదు. కాంతి అంటే డాక్టర్లకు మొదట్నుంచీ పడదని కూడా అనలేం, ఎందుకంటే డెన్మార్క్‌లో నీల్స్ ఫిన్సెన్ చర్మానికి వచ్చే క్షయను దీపాలతో నయం చేసి 1903లోనే నోబెల్ బహుమతి అందుకున్నాడు. తర్వాత క్షయకు మందులొచ్చాయి, ఆ దీపాలు మూలపడ్డాయి.

ఇప్పటికీ చిక్కు అక్కడే ఉంది, మోతాదు దగ్గర. మాత్ర అయితే రోజుకు రెండు అంటే సరిపోతుంది. కాంతికి ఏ రంగు, ఎంత బలం, ఎంత దూరం, ఎంతసేపు, ఒంట్లో ఎంత మేర అని ఇన్ని లెక్కలు. పరీక్షించి చూద్దామన్నా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి రోగిని మభ్యపెట్టొచ్చు గానీ, ఉత్తుత్తి లైటు వేసి మభ్యపెట్టడం కష్టం, వెలిగిందో లేదో కనపడిపోతుందిగా.

చలికాలపు దిగులుకు పొద్దున్నే 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే కొలత) లైటు ముందు అరగంట కూర్చోవడం బాగా నిలదొక్కుకున్న వైద్యం. అలాంటి దిగులుంటుందని అమెరికాలో నార్మన్ రోజెంతాల్ బృందం 1984లో వివరించింది. మనకు ఇక్కడ ఎండకు కొదవ లేదు గానీ, టొరంటోలోనో షికాగోలోనో ఉన్న మన పిల్లలకు ఆ డిసెంబరు సాయంత్రాల సంగతి బాగా తెలుసు. కాకపోతే బైపోలార్ సమస్య, అంటే మనసు ఒకసారి కుంగి ఒకసారి మితిమీరి ఉప్పొంగే జబ్బు, ఉన్నవాళ్ళు ఆ లైటు సొంతంగా కొనుక్కుని వాడకూడదు, మనసు రెండో కొసకు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. ఇక బొల్లి. మన ఆయుర్వేదంలో వాడే బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది, అది తీసుకుని అతినీలలోహిత కాంతి తగిలించుకునే పద్ధతి తర్వాతి కాలంలో ఆస్పత్రి వైద్యమైంది. ఇప్పుడు చాలావరకు ఆ మందు లేకుండా నారోబ్యాండ్ కాంతి, అంటే అతినీలలోహిత కాంతిలోనే ఒక సన్నటి పట్టీ, ఒక్కటే ఇస్తున్నారు. వారానికి రెండు మూడు సార్లు, నెలల తరబడి వెళ్ళాలి. రోజు కూలి మీద బతికే మనిషి బస్సెక్కి టౌనుకొచ్చి, కొద్ది నిమిషాల లైటు కోసం కూలి పోగొట్టుకుని, అలా ఎన్నాళ్ళు తిరుగుతాడు? వైద్యం పనిచేయక కాదు, బస్సు ఛార్జీలకే చాలామంది మానేస్తారు. ఇది నాకు పెద్ద అడ్డంకిగా కనిపిస్తుంది, పరిశోధనల కంటే కూడా.

క్యాన్సర్ రోగుల్లో వైద్యం వల్ల వచ్చే నోటిపూతకు ఎర్రటి, తక్కువ బలం గల లేజర్ వాడవచ్చని బ్రిటన్‌లో ఏ వైద్యం వాడవచ్చో సలహా ఇచ్చే నైస్ సంస్థ 2018లో చెప్పింది. అదే ఎర్ర లైటు పేరు చెప్పి ఆన్‌లైన్‌లో జుట్టుకూ, మోకాళ్ళకూ, ముడతలకూ, నిద్రకూ అన్నిటికీ కలిపి ఒకే మాస్కు అమ్ముతున్నారు. దానికి మాత్రం నా దగ్గర ఓపిక లేదు.

సరే, మళ్ళీ మన పసిబిడ్డ దగ్గరికి వద్దాం. టైము అయిపోవస్తోంది, పనికొచ్చే సంగతి ఇదే.

మా వదినగారి అమ్మాయి పురిటికి వెళ్ళినప్పుడు చూశాను. బాబును లైటు కింద పెట్టారు. కళ్ళకు గంతలు, డైపరు తప్ప ఒంటి మీద నూలుపోగు లేదు. అది చూసి వాళ్ళ అమ్మమ్మగారు తట్టుకోలేక, చలేస్తుందేమోనని మెత్తటి పొత్తిగుడ్డ ఒకటి పట్టుకొచ్చి నడుం దాకా కప్పబోయారు. నర్సు "అమ్మా, కప్పినంత మేరా మందు పడనట్టే" అంది. ఆ అమ్మాయి ఎక్కడ నేర్చుకుందో గానీ, రోచ్‌ఫర్డ్ దుప్పటి కొస చెప్పిన సంగతి సరిగ్గా అదే.

కాబట్టి కప్పకండి. పాలు మాత్రం ఆపకండి, మాటిమాటికీ పట్టండి. కరిగిన పసుపు విరేచనంలోనూ మూత్రంలోనూ బయటికి పోవాలి.

రెండోది, ఎండ. పొద్దుటి ఎండలో పెట్టి, కామెర్లు అవే పోతాయని ఇంట్లో ఆగకండి. నైజీరియాలో ఎండనే వైద్యంగా వాడి చూశారు, 2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, బాగా పనిచేసింది కూడా. అయితే వాళ్ళు వాడింది హాని చేసే కిరణాలను అడ్డుకునే ప్రత్యేకమైన ఫిల్ములతో కట్టిన పందిరి, పక్కనే ఆస్పత్రి, గంటగంటకూ బిడ్డ ఒంటి వేడి చూసే మనిషి. మన వాకిట్లో అవేవీ ఉండవు. అసలు కళ్ళతో చూసి కామెర్ల తీవ్రత చెప్పడం, అందులోనూ చామనఛాయ బిడ్డల్లో, నమ్మదగ్గ పని కాదు. పుట్టిన ఇరవై నాలుగ్గంటల్లోపే పసుపు కనిపించినా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా పడుకున్నా వెంటనే పరిగెత్తండి. ఆలస్యమైతే పసుపు మెదడుకెక్కుతుంది, వినికిడి పోవచ్చు, కాళ్ళూ చేతులూ వశం తప్పొచ్చు. అప్పుడు పసర్లు పోసి లాభం లేదు, కళ్ళల్లో అసలే పోయకండి.

మూడోది, ఆస్పత్రికి వెళ్ళాక అడగాల్సిన మాట. పాత ట్యూబులైట్లు నీలంగా వెలుగుతూనే ఉంటాయి, బలం మాత్రం తగ్గిపోతుంది. చూస్తే తెలియదు. కొలిచే మీటరు ఉంటుంది. లైటు బిడ్డకు దూరంగా ఉన్నా అంతే, బలం సగం గాలికి పోతుంది. "సిస్టర్, ఈ లైటు బలం ఈమధ్య కొలిచారా? ఇంతకంటే దగ్గరగా పెట్టొచ్చా?" అని మర్యాదగా అడగండి. కొన్నిచోట్ల చుట్టూ తెల్లగుడ్డ తెరలా కడతారు, వెలుగు మళ్ళీ బిడ్డ మీద పడడానికి. కోప్పడితే కోప్పడతారు, అడగండి. లైటు తీసేశాక కొందరు పిల్లల్లో పసుపు మళ్ళీ పెరుగుతుంది, కాబట్టి ఇంటికి పంపేటప్పుడు మళ్ళీ రక్తపరీక్ష ఎప్పుడో తేదీ రాయించుకునే బయల్దేరండి.

నమస్కారం.