వంతెన ఆగిన 18 నెలల ఖర్చు ఎవరు భరించాలి?

(రాజమహేంద్రవరం స్టూడియోలో జరిగిన చర్చకు అక్షరరూపం. పశ్చిమ డెల్టాలో ఒక బ్రాంచి కాలువపై 6 కోట్ల రూపాయల వంతెన 12 నెలల్లో పూర్తి కావాలి. 18 నెలలు ఆలస్యమైంది. ఆ కాలానికి ఓవర్‌హెడ్స్ (పని ఆగినా ఆగని అద్దె, జీతాల వంటి ఖర్చులు) కింద కాంట్రాక్టరు 90 లక్షలు అడగడంతో వివాదం మొదలైంది. మాట మీద మాట పడిన చోట అలాగే ఉంచాం.)

వ్యాఖ్యాత: నాది ఒకటే ప్రశ్న. ఆలస్యానికి కారణమైన అధికారి జీతం నుంచి ఈ డబ్బు ఎందుకు రాబట్టకూడదు? కాంట్రాక్టరు సంఘం తరఫున వచ్చిన మీరు చెప్పండి.

కాంట్రాక్టరు: జీతం సంగతి తర్వాత చూద్దామండి. కాలువలో పునాది వేయాలంటే నీళ్లు కట్టేయాలి. వేసవిలో కట్టేసే ఆ కొద్ది వారాలే మాకు పని కాలం. అప్రోచ్ రోడ్డుకు స్థలం అప్పగించలేదు, కరెంటు స్తంభాలు జరపలేదు. ఈలోగా సార్వాకు నీళ్లు వదిలేశారు. అంటే నెల జాప్యం జరిగితే మాకు పోయేది ఏడాది! ఆ ఏడాదంతా వాచ్‌మన్ కుటుంబం రేకుల షెడ్డులో ఉంటుంది. షెడ్డు స్థలానికి అద్దె, సూపర్‌వైజరుకు జీతం, బ్యాంకు గ్యారంటీ పొడిగించిన ప్రతిసారీ కమీషను. వానకు తడిసి సిమెంటు బస్తాలు రాళ్లయ్యాయి...

విశ్రాంత ఇంజినీరు: సిమెంటు ఓవర్‌హెడ్ కాదండి, అది సరుకు నష్టం. రెండూ కలపకండి.

కాంట్రాక్టరు: నా జేబులోంచి పోయింది కదండీ! పేరు ఏదైతే ఏమిటి?

న్యాయవాది: పేరే ముఖ్యం. సైటు ఖర్చు వేరు, ప్రధాన కార్యాలయం ఖర్చు వేరు. సైటు ఖర్చుకు బిల్లులుంటాయి. ఆఫీసు అద్దె, అకౌంటెంటు జీతం అన్ని పనులకూ ఉమ్మడివి, అందుకే వాటిలో ఒక పని వాటా లెక్కగట్టడానికి ఫార్ములాలు వచ్చాయి. హడ్సన్ ఫార్ములాలో ఒప్పందంలోని ఓవర్‌హెడ్, లాభం శాతాన్ని ఒప్పంద విలువతో గుణించి, గడువుతో భాగించి, ఆలస్యంతో గుణిస్తారు. ఇక్కడ 6 కోట్లలో 10 శాతం 60 లక్షలు, నెలకు 5 లక్షలు...

కాంట్రాక్టరు: 18 నెలలకు 90 లక్షలు! లెక్క మీరే చెప్పారు.

ఇంజినీరు: పనంతా చేస్తే వచ్చేది 60 లక్షలు, ఆగితే 90 లక్షలా? అసలు ఆ 10 శాతం ఎక్కడిది? మన ప్రభుత్వ అంచనాల్లో ఓవర్‌హెడ్స్, లాభం కలిపి 13.615 శాతం వేస్తాం. ఈ పని 11 శాతం లెస్‌కు, అంటే అంచనా కంటే అంత తక్కువకు తీసుకున్నారు. ఆ లెస్ ఎందులోంచి తగ్గింది?

కాంట్రాక్టరు: లెస్ వేయకపోతే పని రాదండి!

ఇంజినీరు: పని కోసం మీరు వదులుకున్న శాతాన్నే ఇప్పుడు ప్రభుత్వం దగ్గర...

వ్యాఖ్యాత: ప్రభుత్వం అంటే ప్రజలు. అధికారి జీతం నుంచి...

కాంట్రాక్టరు: నన్ను పూర్తి చేయనివ్వండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించారు. ఇప్పుడు ఒక చిన్న వంతెనకు స్తంభాలు జరపలేకపోతున్నారు!

వ్యాఖ్యాత: మంచి మాట అన్నారు. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000-01లో మంజూరైంది, 57 కిలోమీటర్లే. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు దాటాలి. దాని ఆలస్యానికైనా ఏ అధికారిని బాధ్యుణ్ని చేశారు?

న్యాయవాది: విషయం పక్కకు పోతోంది. 2006లో మెక్‌డెర్మాట్ కేసులో సుప్రీంకోర్టు ఈ ఫార్ములాలను ఆమోదించింది...

కాంట్రాక్టరు: విన్నారా! సుప్రీంకోర్టే చెప్పింది!

న్యాయవాది: ఆగండి. 2023లో బాట్లిబాయ్ కేసులో అదే కోర్టు ఫార్ములాను యాంత్రికంగా వాడకూడదంది. హడ్సన్ ఫార్ములా నిలవాలంటే కాంట్రాక్టరు ధర తక్కువ వేసి ఉండకూడదు, వేసుకున్న లాభం వాస్తవంగా ఉండాలి, ఆ సమయంలో అదే లాభంతో వేరే పని దొరికేలా ఉండాలి. ఈ ఆలస్యం వల్ల ఏ టెండరు వదులుకున్నారో చూపించాలి.

కాంట్రాక్టరు: ఇక్కడ మిషన్లు ఇరుక్కుపోయి ఉంటే ఏ టెండరు వేస్తామండి? వేయని టెండరుకు రుజువు ఎక్కడ తేవాలి?

ఇంజినీరు: కనీసం ఉత్తరాలు రాయాలి కదా. ఫలానా తేదీన స్థలం అడిగాం, ఇవ్వలేదు అని. గడువు పొడిగించినప్పుడు నష్టపరిహారం అడగబోమని సంతకం చేస్తారు, చివరి బిల్లు నాడు క్లెయిము తెస్తారు.

కాంట్రాక్టరు: ఆ సంతకం పెట్టకపోతే నడుస్తున్న బిల్లు ఆగిపోతుందండి! మెడ మీద కత్తి పెట్టి తీసుకున్న సంతకం అది. పైగా ప్రభుత్వ పనులకు వర్తించే స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్‌లో 59వ క్లాజు ఒకటి, ఏ కారణంతో ఆలస్యమైనా పరిహారం లేదంటుంది. తప్పు వాళ్లది, నష్టం మాది. ఇది న్యాయమా?

(ఇంజినీరు, కాంట్రాక్టరు ఒకేసారి మాట్లాడారు. కొన్ని మాటలు వినపడలేదు.)

వ్యాఖ్యాత: రైతు గారు చాలాసేపటి నుంచి చెయ్యెత్తుతున్నారు.

రైతు: 18 నెలలు దాళ్వా ధాన్యం, సార్వా ధాన్యం రెండూ ఏడు కిలోమీటర్లు చుట్టూ తిప్పి తోలామండి. ట్రాక్టరు కిరాయి అదనం. వానలో చుట్టు దారి దిగబడిపోతే బస్తాలు దింపి, మళ్లీ ఎక్కించి, ఆ హమాలీ కూలి వేరే. మా అమ్మాయి తాటి దుంగ మీద కాలువ దాటి బడికి వెళ్లింది. వీళ్లకు ఫార్ములా ఉంది. మాకు...

కాంట్రాక్టరు: అదే నేనూ చెబుతున్నాను! రైతు కూడా మా వైపే ఉన్నారు.

రైతు: మీ వైపు అనలేదండి. మా ఖర్చు ఎవరు రాశారు అంటున్నాను.

వ్యాఖ్యాత: అందుకే అంటున్నాను, అధికారి జీతం నుంచి...

న్యాయవాది: ఒప్పందం ప్రభుత్వానికీ కాంట్రాక్టరుకూ మధ్య. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను కింద నష్టం నిరూపించుకోవాల్సింది ఎవరు? ఆ ప్రశ్నకే మనం ఇంకా...

కాంట్రాక్టరు: నిరూపిస్తాం! వాచ్‌మన్ జీతం రిజిస్టరు ఉంది, గ్యారంటీ రసీదులు ఉన్నాయి.

ఇంజినీరు: అవి సైటు లెక్కలు. అవన్నీ కలిపినా 90 లక్షలు కావు.

కాంట్రాక్టరు: ఎందుకు కావు? నా వడ్డీ వేయండి! నెలకు నేను కట్టిన వడ్డీ తెలుసా మీకు? స్థలం ఇవ్వకుండా టెండరు పిలిచింది ఎవరు? ముందు దానికి జవాబు చెప్పండి. టెండరు పిలిచేనాటికి స్థలం చేతిలో ఉండాలి, అంతే!

వ్యాఖ్యాత: ఈ మాట మాత్రం గట్టిగా చెప్పారు. ఇంజినీరు గారూ, పది సెకన్లలో.

ఇంజినీరు: స్థలం విషయంలో ఆయన చెప్పింది నిజమే. కానీ 90 లక్షల...

కాంట్రాక్టరు: ఒప్పుకున్నారు! చూడండి, ఒప్పుకున్నారు.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. జీతం ప్రశ్నకు జవాబు రాలేదు, రేపు మళ్లీ అడుగుతాను.