అంచనా రాశాకే అగ్గిపుల్ల

శ్రోతలందరికీ నమస్కారం. నేను వరంగల్‌కు దగ్గర్లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. హైస్కూలు సైన్సు పాఠాలను పిల్లల చేతనే ఎలా చేయించాలో ఇవాళ మాట్లాడమన్నారు. వినడానికి బాగుండే విషయమే, కానీ దీని చుట్టూ తమాషా కూడా చాలా పెరిగింది, ముందు ఆ సంగతి చెప్పేస్తాను.

సైన్స్ ఫెయిర్ అంటే ఏం జరుగుతుందో తల్లిదండ్రులకు నాకంటే బాగా తెలుసు. ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి పిల్లాడికి గుర్తొస్తుంది, నాన్న బండి తీసి థర్మాకోల్ షీటు కోసం హన్మకొండ చౌరస్తాకు పోతాడు, అమ్మ కూర్చుని రంగులేస్తుంది, తెల్లారి పిల్లాడు ఆ అగ్నిపర్వతాన్నో గుండె బొమ్మనో పట్టుకొచ్చి పక్కన నిలబడి బట్టీ పట్టిన నాలుగు ముక్కలు అప్పజెప్తాడు. దానికి ప్రైజు కూడా ఇస్తాం. అందులో పిల్లాడు సొంతంగా చేసింది మోసుకురావడం ఒక్కటే. క్లాసులో మా పని కూడా పెద్ద తేడాగా ఉండదు, టీచరు టేబుల్ మీద ప్రయోగం చేస్తాడు, ముందు రెండు బెంచీల వాళ్లకు ప్రయోగం కనిపిస్తుంది, మిగతావాళ్లకు టీచరు వీపు కనిపిస్తుంది, రిజిస్టర్లో మాత్రం కృత్యాధార బోధన అని రాసుకుంటాం.

పిల్లల చేతికి సామాను ఇచ్చినంత మాత్రాన కూడా సరిపోదండీ. పుస్తకంలో ఒకటి, రెండు, మూడు అని మెట్లు రాసి ఉంటాయి, వాటి ప్రకారం పోసి, కలిపి, వేడిచేసి, చివర్లో ఏం రావాలో కూడా అక్కడే ఉంటుంది కాబట్టి అది చూసి రాసేస్తారు. చేతులు పనిచేశాయి, బుర్ర పనిచేయలేదు. నేను చూసుకునేది ఒక్కటే. ప్రయోగం మొదలవకముందు, ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో ప్రతి పిల్లా తన నోట్సులో పెన్నుతో రాసిందా లేదా? రాయకపోతే అగ్గిపుల్ల గీయనివ్వను.

అగ్గిపుల్ల అన్నాను కదా, కొవ్వొత్తి ప్రయోగమే తీసుకుందాం. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తాం. కాసేపటికి మంట ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. ఇది మీలో చాలామంది చిన్నప్పుడు చూసే ఉంటారు. ఎందుకు ఎక్కాయి అని అడిగితే మీ జవాబు కూడా నాకు తెలుసు, ఆక్సిజన్ కాలిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి, గాలిలో 21 శాతం ఆక్సిజన్ కాబట్టి గ్లాసులో ఐదో వంతు నిండుతుంది. తరాలుగా ఇలాగే చెప్పుకుంటూ వస్తున్నాం. తొమ్మిదో తరగతి పిల్లలు అంచనా కూడా అచ్చం ఇదే రాస్తారు.

అప్పుడు వాళ్లను గుంపుకు నలుగురు చొప్పున కూర్చోబెట్టి, చెయ్యండి, కళ్లార్పకుండా చూడండి, ఎప్పుడు ఏం జరిగిందో వరుసగా రాయండి అంటాను. ఒకరు గ్లాసు బోర్లిస్తారు, ఒకరు టైము చూస్తారు, ఒకరు రాస్తారు, నాలుగో వాళ్లకు నేనిచ్చే పని అడ్డం తిరగడం, అంటే మిగతా ముగ్గురు ఏం చెప్పినా "ఎట్ల చెప్తవ్?" అని అడగడం. ఈ నాలుగో పనికే క్లాసులో పోటీ ఎక్కువ.

పోయినసారి ఆ పని దొరికిన అమ్మాయి పట్టుకున్న పాయింట్ చెప్తాను. "ఆక్సిజన్ కాలుతున్నకొద్దీ ఖాళీ అయితే నీళ్లు మెల్లమెల్లగ ఎక్కాలె కదరా, మంట ఆరేదాకా ఊకున్నయ్, ఆరినంక ఒక్కసారే ఎందుకు ఎక్కినయ్?" ఇంకో గుంపు వాళ్లు గ్లాసు బోర్లించేటప్పుడు అంచు కింద నుంచి బుడగలు బయటికి పోవడం చూశారు. లోపల గాలి తగ్గిపోవాల్సింది పోయి బయటికి ఎందుకు తన్నుకొస్తోంది? ఈ రెండు ప్రశ్నలకీ నేను జవాబు చెప్పలేదు. ఇంకో రెండు కొవ్వొత్తులు ఇచ్చి, ఒకటి బదులు మూడు వెలిగించి అదే గ్లాసు బోర్లించండి అన్నాను. గ్లాసు అదే, అందులోని ఆక్సిజనూ అంతే, మరి నీళ్లు ఎంత ఎత్తు ఎక్కాలి? మళ్లీ రాయండి. దాదాపు అందరూ "అంతే" అని రాశారు. నీళ్లు మాత్రం ముందుకంటే బాగా పైకి ఎక్కాయి.

ఆ తర్వాత క్లాసులో లేచిన లొల్లి పక్క గది మేడం వచ్చి తొంగిచూసేదాకా పోయింది. ఆ లొల్లిలోంచే తేలింది, మంట వేడికి గ్లాసులో గాలి వ్యాకోచించి కొంత బయటికి పోయింది, మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోయింది, లోపల ఒత్తిడి తగ్గేసరికి బయటి గాలి నీళ్లను లోపలికి నెట్టింది. మూడు మంటలైతే వేడి ఎక్కువ, పోయే గాలి ఎక్కువ, ఎక్కే నీళ్లూ ఎక్కువే. చివర్లో నేను జోడించింది కాస్తే. కొవ్వొత్తి ఆరేటప్పటికి గ్లాసులో ఆక్సిజన్ పూర్తిగా అయిపోదు, ఇంకా చాలానే ఉంటుంది, పైగా కాలిన ఆక్సిజన్ మాయం కాదు, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి. 25 కార్బన్ పరమాణువులున్న మైనం అణువు ఒకటి కాలడానికి 38 ఆక్సిజన్ అణువులు ఖర్చయితే 25 కార్బన్ డయాక్సైడ్ అణువులు వస్తాయి, కాబట్టి ఐదో వంతు ఖాళీ అన్న లెక్క ఎటు చూసినా నిలబడదు. సమీకరణాన్ని తుల్యం చేయడం అంటే మామూలుగా ఆవులించే పిల్లలు ఆ రోజు ఈ సమీకరణాన్ని వాళ్లంతట వాళ్లే తుల్యం చేశారు, ఎందుకంటే కొట్లాటలో వాళ్లకు అది అవసరం పడింది.

అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మాజుర్‌కు కూడా 1990ల మొదట్లో ఇలాంటిదే ఎదురైంది. ఆయన విద్యార్థులు లెక్కలు చకచకా చేసేవాళ్లు, బలం అంటే ఏంటో పరీక్షించే చిన్న చిన్న ప్రశ్నలడిగితే తడబడేవాళ్లు. అప్పటి నుంచి ఆయన పాఠం మధ్యలో ప్రశ్న వేసి, ఎవరికి వాళ్లు ఓటు వేశాక, పక్కవాడిని ఒప్పించు అని వదిలేసి, మళ్లీ ఓటు తీసుకోవడం మొదలుపెట్టారు. మన దగ్గర ఓటు వేయడానికి మిషన్లేమీ అక్కర్లేదు, ఎన్నో జవాబో చూపించడానికి వేళ్లు చాలు. కాకపోతే చెయ్యి పైకెత్తించకండి, క్లాసు ఫస్ట్ వచ్చే పిల్లాడు ఎన్ని వేళ్లు చూపిస్తే అందరూ అన్నే చూపిస్తారు. గుండెకు ఆనించి నాకు మాత్రమే కనిపించేలా పట్టుకోమంటాను.

ఉదాహరణకు, ఒకే రకం టార్చి బల్బులు రెండు శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? ముందున్న బల్బు కరెంటు తినేస్తుంది కాబట్టి రెండోది మసగ్గా వెలుగుతుందని పదో తరగతిలో కూడా బోలెడుమంది అంటారు, ఓమ్ నియమం మీద లెక్క ఇస్తే మాత్రం కరెక్టుగా చేస్తారు. రెండూ సమానంగానే వెలుగుతాయి. ఇక్కడ టీచరు చూసుకోవాల్సింది ఒకటుంది. మొదటి ఓటులో మరీ కొద్దిమందే సరిగ్గా చెప్తే చర్చ వల్ల లాభం లేదు, పాఠం మళ్లీ చెప్పాల్సిందే. అందరూ సరిగ్గా చెప్తే చర్చ దండగ. సగం సగంగా చీలినప్పుడే చర్చకు వదిలేయాలి.

గుంపుల్లో ఇంకో తంటా ఉంది. చదివే పిల్ల ఒకతే పని మొత్తం చేస్తుంది, మిగతావాళ్లు కిటికీలోంచి చూస్తుంటారు. దీనికి 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త ఒక పద్ధతి పెట్టారు, అప్పుడే నల్ల పిల్లలు, తెల్ల పిల్లలు ఒకే బడిలో కలిసి చదవడం మొదలై గొడవలవుతున్న రోజులవి. పాఠాన్ని ముక్కలు చేసి గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు, ఆ ముక్క ఇంకెవరి దగ్గరా ఉండదు. మా బడిలో బయాలజీ మేడం జీర్ణవ్యవస్థను ఇలా చేయిస్తారు. నోరు ఒకరికి, జీర్ణాశయం ఒకరికి, కాలేయం ఒకరికి, క్లోమం ఒకరికి. ఏడాదంతా నోరు విప్పని అమ్మాయికి క్లోమం వస్తే, ఆమె చెప్పేదాకా ఆ గుంపులో అన్నం అరగదు. చచ్చినట్టు ఆమె మాట వినాలి.

ఇవన్నీ టీచరు ఇచ్చిన ప్రశ్నలు. ప్రశ్న కూడా పిల్లలదే అయితే పని ఇంకో రకంగా సాగుతుంది. రామప్ప గుడి మనకు ఎంతో దూరం కాదు, 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, విహారయాత్రకు పోని బడి ఉండదు. శిఖరంలో వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలికని గైడు చెప్తే మా పిల్లలు వచ్చేటప్పుడు బస్సులో మొదలుపెట్టారు, మనం చేస్తే తేలదా అని. ఒకడి మామకు ఇటుక బట్టీ ఉంది. మట్టిలో ఊక పాలు మార్చి మార్చి కలిపి చిన్న ఇటుకలు చేసి బట్టీలో పెట్టించారు, ఊక కాలిపోయిన చోట సన్నని ఖాళీలు మిగులుతాయని వాళ్ల అంచనా. బరువు కిరాణా కొట్టు కాంటా మీద చూశారు. ఘనపరిమాణానికి మొదట నీళ్లలో ముంచారు, ఇటుక నీళ్లు పీల్చేసి లెక్క తప్పింది, తర్వాత స్కేలుతో కొలిచారు. ఏ ఇటుకా తేలలేదు. ఊక పెరిగే కొద్దీ సాంద్రత తగ్గింది, ఇటుక పెళుసుబారి చేతిలోనే విరిగింది. తేలికగానూ ఉండాలి, బరువూ మోయాలి అంటే కాకతీయుల కాలం వాళ్లకు ఏం తిప్పలు వచ్చి ఉంటాయో వాళ్లే మాట్లాడుకున్నారు. సాంద్రత సూత్రం ఆ పిల్లలను నేను మళ్లీ అడగలేదు, అడగాల్సిన పని పడలేదు.

మరి సిలబస్ సంగతేంటి అంటారు. న్యాయమైన ప్రశ్నే. ముప్పావు గంట పీరియడ్లో కొవ్వొత్తి ఒక్కటే అవుతుంది, అందుకని ప్రతి పాఠం ఇలా చేయాలనే వాళ్లతో నేను ఒప్పుకోను. ఆవర్తన పట్టిక, పరమాణు నిర్మాణం లాంటివి బోర్డు మీద చక్కగా చెప్పడమే మేలు. వారానికి ఒకటి, అది కూడా పిల్లల అంచనా తప్పే అవకాశం ఎక్కువున్న చోట పెట్టుకుంటే చాలు. స్పిరిట్ వేడిచేసే పని, ఆమ్లాలతో పని మాత్రం నేను పక్కన నిలబడితేనే. యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు, నీళ్లలోనే యాసిడ్ కొంచెం కొంచెంగా పోయాలి, ఈ విషయంలో అంచనాలూ ప్రయోగాలూ ఏమీ లేవు, చెప్పింది వినాల్సిందే.

ఒక తండ్రి వచ్చి అడిగాడు, "సార్, మా పోరడు బడికి పోయి కొవ్వొత్తులు ముట్టిస్తున్నడట, సదువెప్పుడు చెప్తరు?" అని. ఆయన బాధ మార్కులు. అది మామూలు టెన్షన్ కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడులతో మొదలైన సైన్సు కార్యక్రమం ఈ ముడిని సూటిగా పట్టుకుంది. అక్కడ పిల్లలు ప్రయోగాలు చేసి నేర్చుకున్నారు కాబట్టి పరీక్ష కూడా అలాగే పెట్టారు, పుస్తకం తెరిచి రాయనిచ్చారు, ప్రయోగం చేయించి మార్కులిచ్చారు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసేదాకా అలాగే నడిచింది. పదో తరగతి పబ్లిక్ పరీక్షను మార్చడం నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నవి ఫార్మేటివ్ మార్కులు, అంటే ఏడాది మధ్యలో బడిలోనే మేం వేసేవి. అందులో ప్రయోగాల నోట్సుకు మార్కులేసేటప్పుడు తప్పు అంచనాకు ఒక్క మార్కూ కోయను, కొట్టేసి పైన సరైంది రాసినవాళ్లకు మాత్రం కోస్తాను, అందుకే పెన్సిల్ వద్దంటాను. పక్కన ఎడమవైపు పేజీ ఖాళీగా వదలాలి, ప్రయోగం అయ్యాక తన అంచనా ఎక్కడ తేడా కొట్టిందో అక్కడ సొంత మాటల్లో రాయాలి, భాష ఎలా ఉన్నా పర్వాలేదు. ఆ తండ్రికి వాళ్ల అబ్బాయి నోట్సు తీసి ఆ ఎడమ పేజీలు చూపించాను. చాలాసేపు చదివాడు. మూడు కొవ్వొత్తుల సంగతి నిజమేనా అని అడిగితే, గ్లాసు ఇచ్చి ఆయననే బోర్లించమన్నాను, అంచనా రాశాకే.

సెలవు, నమస్కారం.