జొన్నపిండి ఎందుకు సాగదు? గోధుమ మానేసిన ఇంటి వంట

[తెర మీద: పక్కపక్కనే రెండు పిండి ముద్దలు. ఒకటి గోధుమది, ఒకటి జొన్నది. రెండు చేతులు ఒక్కో ముద్దను పట్టి మెల్లగా లాగుతాయి.]

చూశారుగా. గోధుమపిండి రబ్బరులా సాగింది. జొన్నపిండి మాత్రం పుటుక్కున రెండు ముక్కలైంది.

గోధుమలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అని రెండు రకాల మాంసకృత్తులు ఉంటాయి. నీళ్లు పోసి పిసికేసరికి అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుని వలలా తయారవుతాయి. ఆ వల పేరే గ్లూటెన్. చపాతీ పలచగా సాగినా, బన్ను పొంగినా దాని చలవే. బార్లీలోనూ, రై అనే ధాన్యంలోనూ దీని దగ్గరి చుట్టాలున్నాయి. జొన్న, సజ్జ, తైదలు, కొర్రలు, బియ్యం, మొక్కజొన్నల్లో లేవు. తైదలంటే రాగులే, మా నల్లగొండ, పాలమూరు వైపు ఆ మాటే ఎక్కువ.

[తెర మీద: వంటింటి గట్టు. వెనక పిండి డబ్బాలు, ఒకదాని మీద ఎర్ర రంగుతో గీసిన గీత.]

నమస్కారం. ఈ ఎర్ర గీత డబ్బా మా అక్క కూతురిది. రెండేళ్లపాటు ఆ పిల్లకు రక్తం తక్కువే. ఐరన్ మాత్రలు మింగుతూనే ఉంది, రక్తం పెరగలేదు. కడుపు ఉబ్బరం, ఎత్తు పెరగకపోవడం, ఎప్పుడూ నీరసం. సరిగా తినడం లేదని మేమందరం దాన్నే కోప్పడ్డాం. తింటూనే ఉంది పాపం! పొద్దున రవ్వ ఉప్మా, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి వాళ్ల నాన్నకు షుగరని ఇంట్లో అందరికీ చపాతీలు. చివరికి తేలింది సీలియాక్ జబ్బని.

ఈ జబ్బున్నవారి ఒంట్లోకి గ్లూటెన్ వెళితే, రక్షణ వ్యవస్థ పొరబడి సొంత పేగు మీదే దాడి చేస్తుంది. చిన్నపేగు లోపల వెల్వెట్ గుడ్డ మీది నూగులా సన్నని వేళ్లుంటాయి. బడి పుస్తకాల్లో ఆంత్రచూషకాలని చదువుకున్నాం కదా, అవే. తిన్నదాంట్లోని సారాన్ని పీల్చేవి అవి. దాడికి అవి చదునైపోతే ఐరన్ మాత్ర వేసినా ఒంటికి పట్టేది తక్కువే. గోధుమ ముఖ్య ఆహారమైన ఉత్తరాదిలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. అన్నం తినే మన దగ్గర తొందరగా ఎవరికీ అనుమానం రాదు.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో, నెదర్లాండ్స్‌లో తిండి కరువు వచ్చింది. బ్రెడ్డు దొరకలేదు. విల్లెమ్ కారెల్ డికే అనే పిల్లల వైద్యుడు అప్పటికే గోధుమను అనుమానిస్తున్నాడు. ఊరంతా ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు తేరుకున్నారు. బ్రెడ్డు మళ్లీ రాగానే వాళ్లకు జబ్బూ మళ్లీ వచ్చింది. ఇప్పటికీ దీనికి మందంటూ లేదు. గ్లూటెన్‌ను జీవితాంతం మానడమే వైద్యం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అనుమానం రాగానే గోధుమ మానేయకండి. ముందు టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీలో పేగు ముక్క తీసి చూడటం. ఇవన్నీ గోధుమ తింటున్నప్పుడే సరిగా తేలతాయి. మానేసి వెళితే జబ్బున్నా పరీక్షలో దొరక్కపోవచ్చు. ఇక ఏ ఇబ్బందీ లేనివారు ఫోనులో చూసి గోధుమను తిట్టిపోయడం నాకు నచ్చదు. వాళ్లకు అది మంచి తిండే.

[తెర మీద: ఇంగువ డబ్బా వెనకవైపు. వేలు ఒక చిన్న అక్షరాల వరుస మీద ఆగుతుంది.]

చపాతీ, పూరీ, బ్రెడ్డు, సేమియా మానడం తేలిక. కనబడుతూనే ఉంటాయి. దొంగచాటుగా వచ్చేదానితోనే తంటా. ఇదిగో ఇంగువ. మార్కెట్లో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. మేము ఆరు నెలలు సాంబారులో అదే వేశాం. బియ్యప్పిండి కలిపిన రకం కూడా దొరుకుతుంది, డబ్బా తిప్పి చదవాలి.

ఇడ్లీ రవ్వ బియ్యంది, ఉప్మా రవ్వ గోధుమది. పేరు ఒకటే, జాతి వేరు. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వదే. వద్దంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు కాబట్టి మా ఇంట్లో పిల్ల ముందే అరటిపండు ముక్క అడిగి తీసుకుంటుంది. రంజాన్ హలీంలో గోధుమలే అసలు సరుకు. నూడుల్స్ బండి మీది సోయాసాస్‌లోనూ చాలావరకు గోధుమ ఉంటుంది. పాలలో కలిపే డబ్బాల పొడుల్లో మాల్ట్ అంటే సాధారణంగా బార్లీ మొలకలదే. సంక్రాంతి సకినాలు బియ్యప్పిండివే, భయం లేదు. కానీ ముందు మైదా గర్జెలు వేయించిన నూనెలో వాటిని వేయిస్తే లాభం లేదు. అందుకే మా అక్క ఇప్పుడు సకినాలు ముందు కానిచ్చి, గర్జెలు తర్వాత పెట్టుకుంటుంది.

[తెర మీద: పిండి గిర్ని. దూలం, గోడ, మిషను అన్నీ తెల్లటి దుమ్ముతో.]

అన్నిటికన్నా గిర్ని కష్టం. మీ ముందు ఎవరో గోధుమలు పట్టించి వెళితే, ఆ రాళ్ల మధ్య మిగిలిన పిండి మీ జొన్నల్లోకే వస్తుంది. మన దేశంలో గ్లూటెన్ లేనిదని ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపే ఉండాలి. గుప్పెడు గోధుమపిండి కలిస్తే ఆ లెక్క ఎక్కడ నిలుస్తుంది? మొదటి రెండు కిలోలు వేరుగా తీసి ఇంట్లో మిగతావాళ్లకు వాడదామనుకున్నాం గానీ, అది నమ్మదగ్గ పద్ధతి కాదు. చివరికి ఇంటికో చిన్న పిండిమర కొన్నాం. ఖర్చే.

[తెర మీద: ఒక కంచం. తెల్లన్నం, పలచటి చారు.]

గోధుమ మానిన కొత్తలో మా పిల్ల కంచం ఇదే. మూడు పూటలా అన్నం. దానికితోడు పట్నం నుంచి తెప్పించిన ఖరీదైన గ్లూటెన్ లేని బిస్కెట్లు. వాటి నిండా పిండి, చక్కెర, నూనె. కడుపు నొప్పి తగ్గింది, మలబద్ధకం మొదలైంది. గోధుమతోపాటు పీచు కూడా వెళ్లిపోయింది మరి. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో పీచు 3 గ్రాములు కూడా ఉండదు. జొన్నల్లో సుమారు 10 గ్రాములుంటుంది.

సాగర్ కాలువ వచ్చాక, మిర్యాలగూడ మిల్లులు పెరిగాక మా వైపు కంచమంతా తెల్లబడింది. అంతకుముందు మా నాయనమ్మ వాళ్లది జొన్న గట్క, సజ్జ రొట్టె, తైదంబలి. ఎవరికీ గ్లూటెన్ పేరు తెలియదు, కంచంలో అదీ లేదు. పాత కాలమంతా బంగారమని నేననను. ఆ గట్క పేదరికంలో తిన్నది, పక్కన పప్పు కూడా ఉండేది కాదట. మనం దానికి పప్పు చేర్చుకుందాం.

[తెర మీద: అదే కంచం, మారింది. జొన్నరొట్టె, కందిపప్పు, గంగవాయిల కూర, కోసిన నిమ్మకాయ.]

సజ్జల్లో ఐరన్, తైదల్లో కాల్షియం బాగా ఉంటాయి. 100 గ్రాముల తైదల్లో కాల్షియం 350 మిల్లీగ్రాముల దరిదాపు. పేగు దెబ్బతిన్నవారికి ఈ రెండూ తరచుగా కొరత పడతాయి. ఆకుకూర మీద నకిరేకల్ నిమ్మకాయ పిండితే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు చాలావరకు పోతుంది. మా బావకు ఈ ముక్క చెప్పి చెప్పి అలిసిపోయాం. గుడ్డు, పల్లీలు, పెరుగు ఎలాగూ ఉన్నవే.

[తెర మీద: పొయ్యి మీద గిన్నె, నీళ్లు మరుగుతున్నాయి.]

ఇప్పుడు ఆ సాగని పిండి సంగతి. గ్లూటెన్ వల లేదు కాబట్టి వేరే జిగురు కావాలి. అది వేడినీళ్లతో వస్తుంది. గ్లాసు నీళ్లు ఉప్పేసి మరిగించి, గ్లాసు పిండి పోసి, గరిటె కాడతో కలిపి మూత పెట్టండి. జొన్నలోని పిండిపదార్థం, అంటే స్టార్చ్, కాస్త ఉడికి బంకగా మారుతుంది. చెయ్యి కాలకుండా ఉన్నంత వేడిలో, తడి చేత్తో, అరచేతి మడమతో బాగా మెదపాలి. చల్లారనిస్తే అంచులు విచ్చుకుంటాయి.

పీట కూడా వేరేదే ఉండాలి. చపాతీల పీట గీతల్లో పాత గోధుమపిండి దాక్కుని ఉంటుంది. పొడి జొన్నపిండి చల్లి, ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో తట్టాలి. పెనం మీద వేశాక పైన తడిచెయ్యి రాయండి. ఆ తడి ఆరాకే తిప్పాలి.

[తెర మీద: పెనం దగ్గరగా. మొదటి రొట్టె మధ్యలో పగులుతుంది. రెండోది ఒక పక్క నుంచి ఉబ్బి, మెల్లగా బూరెలా లేస్తుంది.]

వెనక నుంచి పిల్ల గొంతు: "పొంగింది నాది చిన్నమ్మా. పగిలింది బావకు పెట్టండి."

మీ బావ కాదే, మా బావ. మీ నాన్న.